నెల్లూరు తీరాన పాత సమాధి ఫలకాలు – విరిగిన రాతిని నిలిపే విద్య

ఖబరస్తాన్‌లో అడుగుపెట్టిన విశ్వాసి ముందుగా అక్కడి వారికి సలాం చెప్పుతాడు, వారి కొరకు దుఆ చేస్తాడు, తన అంతిమ ఘడియను జ్ఞాపకం చేసుకొని తిరిగి వస్తాడు. సమాధుల సందర్శనకు ఇంతకు మించిన ప్రయోజనం లేదు. అయితే చరిత్ర చదివినవానికి అక్కడ ఇంకొక బాధ్యత కూడ ఎదురవుతుంది. తుమ్మచెట్ల క్రింద, ఇసుకలో సగం కూరుకొని, రెండు మూడు ముక్కలుగా పడి ఉన్న రాతిపై నాలుగు అక్షరాలు కనిపిస్తే, అవి ఎవరివో, ఏ కాలానివో తెలుసుకోకుండా దాటిపోవటం కష్టము. ఆ రాతిని లేపి నిలబెట్టాలనే కోరిక సహజంగా కలుగుతుంది. ఆ కోరిక మంచిదే. కాని విద్య లేని మంచి కోరిక ఎంత నష్టం చేయగలదో ఈ వ్యాసకర్తకు స్వానుభవం ఉన్నది. ఆ సంగతి తరువాత మనవి చేస్తాను. ముందుగా ఈ తీరము, ఈ రాళ్ళు, వాటి గూర్చి మన ధర్మశాస్త్రం చెప్పే మాట పరిశీలిద్దాము.

తీరము – దాని సాక్ష్యము

నెల్లూరు పేరు ముస్లిం చరిత్రకారుల గ్రంథాలలో చాలా పాతది. 14వ శతాబ్ది ఆరంభంలో ఫారసీలో చరిత్ర వ్రాసిన వస్సాఫ్, మాబర్ దేశం కూలం నుండి, అనగా నేటి కొల్లం నుండి, నీలావర్ వరకు సముద్రం వెంట సుమారు 300 ఫర్సఖుల పొడవున ఉన్నదని వ్రాశాడు. నీలావర్ అంటే మన నెల్లూరే. 'మాబర్' అనే అరబ్బీ పదానికి దాటే చోటు అని అర్థము. పారసీక సింధుశాఖ రేవుల నుండి ఏటా వేల సంఖ్యలో గుర్రాలు ఈ దేశానికి ఓడలలో వచ్చేవని కూడ అతడే తెలిపాడు. గుర్రాలు వచ్చిన ఓడలలో మనుషులు రాకుండా ఉండరు. వచ్చినవారిలో అందరూ తిరిగి వెళ్ళి ఉండరు.

ఇదే తీరంలో కొంచెం ఉత్తరాన ఉన్న మోటుపల్లి రేవులో, కాకతీయ గణపతిదేవుడు 1244–45లో వేయించిన అభయశాసనం సుప్రసిద్ధము. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు జప్తు చేసేవారు. అట్లా చేయబోమని, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకొంటామని ఈ రాజు పరదేశపు వర్తకులకు రాతిపై మాట ఇచ్చాడు. ఈ ఒడ్డున బ్రతుకు ఎంతగా గాలివానపై ఆధారపడి ఉండేదో ఆ ఒక్క శాసనమే చెప్పుతుంది.

ఆ తరువాత 1640ల దశకంలో మీర్ జుమ్లా నాయకత్వాన గోల్కొండ సేనలు ఉదయగిరి, నెల్లూరు ప్రాంతాలను వశపరచుకొన్నవి. గోల్కొండ తరువాత మొగలులు, వారి తరువాత ఆర్కాటు నవాబులు. 1801లో ఈ సీమ కంపెనీ పాలనలోకి పోయింది. ఈ కాలమంతటా కృష్ణపట్నం మొదలు ప్రళయ కావేరి సరస్సు వరకు గల ఊళ్ళలో బట్టల వర్తకులు, ఓడ పనివారు, సిపాయిలు, ఫకీరులు, ఖాజీలు స్థిరపడ్డారు. ఇక్కడి మన ఖబరస్తాన్‌లలో ఎక్కువ భాగం వీరివి, వీరి సంతతివి.

సరస్సుకు దక్షిణపు కొసన పులికాట్‌లో డచ్చివారు 1613లో గెల్డ్రియా కోట కట్టారు. వారి సమాధులపై 17వ శతాబ్దపు చెక్కడపు రాళ్ళు నేటికీ ఉన్నవి. అవి భారత పురావస్తు శాఖ రక్షణలో, ప్రహరీ లోపల ఉన్నవి. అది సంతోషించవలసిన విషయమే. కాని ఆ డచ్చివారితో బేరమాడిన ముస్లిం వర్తకుల రాళ్ళు, వారికి ఓడలు నడిపిన సరంగుల రాళ్ళు మాత్రం ప్రహరీ లేని ఇసుకదిబ్బలపై ఉన్నవి. వాటిని కాపాడవలసినవారము మనమే.

దేశదేశాల రాళ్ళు

సమాధి ఫలకం చరిత్రకు ఎంత ఉపయోగపడుతుందో రెండు ఉదాహరణలు చూద్దాము. ఇంతవరకు దొరికిన తేదీ గల ముస్లిం సమాధి ఫలకాలలో అతి పాతవానిలో ఒకటి ఈజిప్టుకు చెందినది. అది హిజ్రీ 31లో (క్రీ.శ. 652) మరణించిన అబ్దుర్రహ్మాన్ బిన్ ఖైర్ అల్ హజ్రీది. దానిలో గొప్పలు ఏమీ లేవు. చదివినవారు మృతుని కొరకు క్షమాభిక్ష వేడవలెననే కోరిక, చివర తేదీ, అంతే. ఆ సాదా రాయి ఇప్పుడు అరబ్బీ లిపి చరిత్రకు ముఖ్యమైన ఆధారాలలో ఒకటి.

రెండవది మన దేశపు రాయి. 14, 15 శతాబ్దాలలో గుజరాత్‌లోని ఖంభాత్ శిల్పులు పాలరాతిపై సమాధి ఫలకాలు చెక్కి ఓడలలో దూరదేశాలకు పంపేవారు. ఖంభాత్‌లో 1333లో మరణించిన ఉమర్ అల్ కాజరూనీ సమాధిని, జావాలోని గ్రెసిక్‌లో 1419 నాటి మాలిక్ ఇబ్రాహీం సమాధిని, సుమత్రాలోని పాసాయ్‌లో 1428 నాటి రాణి సమాధిని ప్రక్క ప్రక్కన పెట్టి చూసిన పండితులు, అవి ఒకే కళాశాలకు చెందిన పనులని గుర్తించారు. ఏ రాజ్యపు దస్తావేజులోను సరిగా లేని ఒక వర్తక మార్గం సమాధుల రాళ్ళ వల్ల బయటపడినది. ఆ మార్గం మధ్యలోనే మన తీరం ఉన్నది.

అయినను మన తీరపు రాళ్ళను చదివినవారు తక్కువ. బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి కలిసి 1905లో నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా ప్రకటించారు. అది ఘనమైన సేవ. అయితే అందులో ప్రధానంగా ఉన్నవి తెలుగు, తమిళ, సంస్కృత శాసనాలు. అరబ్బీ, ఫారసీ శాసనాల కొరకు ప్రభుత్వం 1907–08 నుండి ప్రత్యేక పత్రిక వెలువరించింది. హైదరాబాదు పురావస్తు శాఖకు అధిపతిగా ఉన్న గులాం యజ్దానీ దానికి చాలాకాలం సంపాదకత్వం వహించారు. స్వాతంత్ర్యానంతరం నాగపూరు కార్యాలయం నుండి జియావుద్దీన్ దేశాయ్ ఆ పనిని కొనసాగించారు. వారి దృష్టి సహజంగానే పెద్ద పట్టణాల మసీదులు, కోటలు, దర్గాలపై ఎక్కువగా నిలిచినది. 2003లో మెహర్‌దాద్ షుకూహీ దక్షిణ భారత ముస్లిం కట్టడాలపై విపులమైన గ్రంథం ప్రకటించారు. దాని పరిధి తమిళనాడు, కేరళ, గోవా. చిన్న ఊళ్ళ ఖబరస్తాన్‌లలో మామూలు మనుషుల తలవైపు నిలిపిన రాళ్ళు ఇంకా చదివేవారి కొరకు ఎదురుచూస్తూనే ఉన్నవి.

షరీఅత్ దృష్టి

ఈ పనికి పూనుకొనేవారిని మొదట అడిగే ప్రశ్న, సమాధిపై రాయి నిలపటం, దానిపై వ్రాయటం సమ్మతమేనా అని. ఈ ప్రశ్న న్యాయమైనది. దీనిని దాటవేయరాదు.

సమాధులకు గచ్చు పూయటాన్ని, వాటిపై కట్టడాలు లేపటాన్ని, వాటిపై కూర్చొనటాన్ని మహాప్రవక్త (స) వారించినట్లు హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉన్నది. తిర్మిజీ ఉల్లేఖనంలో సమాధులపై వ్రాయటం కూడ చేరినది. మరొక వైపు, హజ్రత్ ఉస్మాన్ బిన్ మజ్‌ఊన్ (రజి)ను ఖననం చేసిన తరువాత, ఒక వ్యక్తి లేపలేకపోయిన బరువైన రాతిని దైవప్రవక్త (స) స్వయంగా చేతులపై దుస్తులు మడిచి ఎత్తి, తన సోదరుని సమాధికి గుర్తుగా తలవైపు ఉంచినట్లు అబూ దావూద్ ఉల్లేఖించారు. గుర్తు కొరకు రాయి ఉంచటానికి ఇది మూలము.

వ్రాత విషయంలో ఉలమాలలో భేదాభిప్రాయం ఉన్నది. తూర్పు నుండి పడమర వరకు ఇమాముల సమాధులపై వ్రాత ఉన్నదని, ఆచరణ వేరుగా నడచినదని ఇమాం హాకిం అన్నారు. ఆ వాదాన్ని ఇమాం జహబీ అంగీకరించలేదు. హనఫీ న్యాయవేత్తలలో ఇబ్నె ఆబిదీన్, సమాధి ఆనవాలు చెరిగిపోకుండా, దానికి అవమానం కలగకుండా ఉండటానికి అవసరమైనంత మేరకు వ్రాతను అనుమతించిన వారి మాటను పేర్కొన్నారు. అలంకారం కొరకు, కీర్తి కొరకు వ్రాయటం వేరు. ఆ తేడాను మనం మరువరాదు.

ఇక ఇక్కడ మన ముందున్నది క్రొత్త రాయి నిలిపే ప్రశ్న కాదు. మూడు వందల ఏండ్ల క్రితం ఎవరో నిలిపిన రాయి విరిగి పడి ఉన్నది. దానిపై అల్లాహ్ పేరు ఉండవచ్చును, ఖుర్‌ఆన్ వాక్యం ఉండవచ్చును. దానిని పాదాల క్రింద వదలటమా, మర్యాదగా నిలపటమా అన్నదే ప్రశ్న. క్రొత్త గుంబద్ లేపకుండా, ఎత్తు పెంచకుండా, ఉన్న గుర్తును ఉన్నట్లు నిలపటం వరకే ఈ వ్యాసం పరిమితము. మృతుని ఎముకను విరచటం జీవించి ఉన్నవాని ఎముకను విరచటం వంటిదని హదీసు హెచ్చరించినది కనుక, త్రవ్వే పని రాతి మొదలు దాటి ఒక జానెడు కూడ లోతుకు పోరాదు.

ఒక పొరపాటు

2003 వేసవిలో, విశ్వవిద్యాలయపు చదువు ముగించిన క్రొత్తలో, కృష్ణపట్నానికి దక్షిణాన ఉన్న ఒక చిన్న ఊరికి నన్ను పిలిచారు. మదరసాలో అరబ్బీ, ఫారసీ నేర్చినవాడిని, కళాశాలలో చరిత్ర చదివినవాడిని, ఒక రాతిని చదివి పెట్టవలెనని వారి కోరిక. నల్లరాతి ఫలకం, ఎత్తు మోకాటిపై దాక. పిడుగు పడిన చెట్టుకొమ్మ కూలి మూడు ముక్కలైనది. ఏటేటా షబె బరాత్‌కు పూసిన సున్నం పొరలు పొరలుగా అక్షరాలలో నిండి ఉన్నది.

పై ముక్కలో కలిమా, దాని క్రింద మృతుని పేరు, తండ్రి పేరు, ఆయన వర్తకుడనే మాట. ఇంతవరకు నా నోటుపుస్తకంలో వ్రాసుకొన్నాను. చివరి పంక్తి తేదీ అని తెలిసింది. పగులు సరిగ్గా దాని మధ్యగా పోయింది. సున్నం గీకి చదవటానికి సమయం పడుతుంది. ఎండ ఎక్కువగా ఉన్నది. రాయి నిలిపిన తరువాత తీరికగా చదవవచ్చునని అనుకొన్నాను. సిమెంటుతో అతికించవచ్చునా అని పెద్దలు అడిగితే, బాగా గట్టిగా అతికించండి అని చెప్పినవాడిని నేనే. పగులు కనిపించకుండా రెండు వ్రేళ్ళ వెడల్పున పైపూత కూడ పూశారు. అందరమూ సంతోషించాము.

2015 నవంబరు వర్షాలు వెళ్ళిన తరువాత, మరుసటి ఏడు నేను మళ్ళీ ఆ ఊరికి వెళ్ళాను. సిమెంటు పూత పెచ్చుగా ఊడి క్రింద పడి ఉన్నది. ఊడినది సిమెంటు ఒక్కటే కాదు. దానిని అంటుకొని రాతి చర్మం కూడ వచ్చింది. పెచ్చు వెనుక వైపు చూస్తే పొడి పొడిగా రాలిపోయే రాతి పొర తప్ప ఒక్క అక్షరం కూడ మిగలలేదు.

ఆ ఊరి మసీదు కాగితాలు 1984 నవంబరు తుపానులో పోయినవి. ఇప్పుడు ఎవరో అధికారులు భూములు కొలుస్తూ, ఈ ఖబరస్తాన్ ఎప్పటిది, ఆధారమేమి అని అడిగారట. ఒక వృద్ధుడు నా చేయి పట్టుకొని, "మౌల్వీ సాబ్, ఆ రాతి మీద సన్ ఏమని ఉండె? మీరు చదివితిరి గదా?" అన్నారు.

నేను చదవలేదు. ఆ మాట ఆయనతో చెప్పవలసి వచ్చింది.

మిగిలినదేమిటంటే ఇది: పంక్తి మొదట 'సనత ఖమ్స్ వ', అనగా అయిదును. చివర 'వ మిఅ వ అల్ఫ్', అనగా నూరును వేయిని. నడుమ పదుల స్థానంలోని మాట పోయింది. దాని చివరి నూన్ అక్షరపు వంపు మాత్రం మిగిలి ఉన్నది. ఇష్రీన్ మొదలు తిస్ఈన్ వరకు, ఇరవై నుండి తొంభై దాకా, ఆ ఎనిమిది మాటలూ నూన్‌తోనే ముగుస్తవి. కాబట్టి ఆ అక్షరం ఏమీ తేల్చదు. హిజ్రీ 1125 కావచ్చును, 1195 కావచ్చును, నడుమ పదేసి ఏండ్లకు ఒకటి చొప్పున మరి ఆరు సంవత్సరాలలో ఏదైనా కావచ్చును. 1125 అయితే క్రీ.శ. 1713, ఆర్కాటులో సాదతుల్లాఖాన్ పాలన. 1195 అయితే 1781, వాలాజా నవాబు కంపెనీ అప్పులలో మునిగి, హైదర్ అలీ సేనలు కర్ణాటకాన్ని చుట్టుముట్టిన కాలము. ఒక ఊరి చరిత్రలో డెబ్బై ఏండ్లు నా తొందరపాటుకు పోయినవి.

సున్నము – సిమెంటు

అప్పుడు గాని నేను ఈ విద్యను నేర్వాలని అనుకోలేదు. ప్రళయ కావేరి ఒడ్డున ఒకప్పుడు గుల్ల సున్నం కాల్చి, గానుగలో డంగు సున్నం ఆడించిన వృద్ధ మేస్త్రీ ఒకరు నాకు మొదటి గురువు. సిమెంటుతో చేసిన పని సంగతి చెప్పితే ఆయన నవ్వలేదు. "సాయిబుగారూ, రాయి కంటే అతుకు మెత్తగా ఉండాలయ్యా. అతుకు పగిలితే మళ్ళీ వేసుకుంటాం. రాయి పగిలితే ఎవరు వేస్తారు?" అన్నారు. తరువాత నేను చదివిన పుస్తకాలన్నీ ఈ మాటకు వ్యాఖ్యానాలుగానే కనిపించినవి.

కారణం ఇది. తీరపు నేలలో ఉప్పు ఉన్నది, గాలిలో ఉప్పు ఉన్నది. రాయి మొదలు నుండి తేమ పీల్చుకొంటుంది. ఆ తేమతో ఉప్పు కూడ పైకి ఎక్కుతుంది. ఎండకు తేమ ఆవిరై పోవటానికి ఒక దారి కావలెను. అతుకు సున్నపుదైతే, దానిలోని సన్నని రంధ్రాల గుండా తేమ బయటకు పోతుంది. ఉప్పు అక్కడే పేరుకొంటుంది, చెడితే అతుకు చెడుతుంది. అతుకు సిమెంటుదైతే తేమకు ఆ దారి మూసుకొనిపోతుంది. అప్పుడు అది సిమెంటు ప్రక్కన ఉన్న రాతి గుండానే బయటపడుతుంది. ఉప్పు రాతి చర్మం క్రింద స్ఫటికాలుగా పెరిగి, దానిని లోపలి నుండి నెట్టివేస్తుంది. పైగా సిమెంటులో కూడ కొంత లవణం ఉంటుంది. ఇనుప మేకులు, పట్టీలు వాడితే మరొక ప్రమాదము. ఇనుము త్రుప్పు పట్టినప్పుడు ఉబ్బుతుంది, ఉబ్బి రాతిని చీలుస్తుంది.

మన పూర్వులకు ఈ శాస్త్రం తెలియకపోయినా ఆచరణ తెలుసును. హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధుల వద్ద ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థ రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి 2013లో పెద్ద ఎత్తున మరమ్మతులు ప్రారంభించింది. అక్కడ మొదట చేసిన పనులలో ఒకటి, 20వ శతాబ్దంలో వేసిన సిమెంటు పూతలను తొలగించి, మరల సున్నపు గచ్చు వేయటమే. అక్కడి మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారం లభించింది. నేను అక్కడ కొన్నాళ్ళు ఒక మూల కూర్చొని పనివారిని చూశాను. సుల్తానుల రాళ్ళకు చేసే పనిలో ఖర్చు ఎక్కువ. కాని సూత్రము మన ఊరి వర్తకుని రాతికి కూడ అదే.

పని క్రమము

నేర్చినంతలో, పాఠకులకు ఉపయోగపడునని తలచి, క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటిది, ముట్టుకొనక ముందే నమోదు చేయటము. ఏ ముక్క ఎక్కడ, ఏ దిక్కుకు పడి ఉన్నదో పటం గీయవలెను. ఈజిప్టులోని అస్వాన్ ఖబరస్తాన్‌లో 19వ శతాబ్ది చివర పెద్ద వాన కురిసి వందల ఫలకాలు పడిపోయినవి. వాటిని భద్రపరచాలనే సదుద్దేశంతో ఏరి కైరోకు చేర్చారు. ఏ రాయి ఏ సమాధిదో ఎవరూ వ్రాసిపెట్టలేదు. రాళ్ళు దక్కినవి, సమాధులకు పేర్లు పోయినవి. కాబట్టి ఛాయాచిత్రం, కొలతలు, పటము, ఈ మూడూ లేనిదే చేయి వేయరాదు. నేడు ప్రతివారి చేతిఫోనులోను కెమేరా ఉన్నది. ఉదయం గాని సాయంత్రం గాని, వెలుగు ప్రక్క నుండి ఏటవాలుగా పడేటప్పుడు తీస్తే, మధ్యాహ్నం కంటికి కనిపించని అక్షరాలు కూడ నీడ వల్ల తేలుతవి. ఒక అద్దంతో వెలుగును ప్రక్కకు మళ్ళించినా చాలును.

రెండవది, శుభ్రపరచటము. మంచినీరు, మెత్తని కుంచె, ఓపిక. ఆమ్లం పోయరాదు, ఇనుప తీగల బ్రష్షు వాడరాదు, అక్షరాలలో సుద్దముక్కతో గీయరాదు. సున్నపు పొరలను తడిపి మెత్తపరచి వెదురు పుల్లతో కొంచెం కొంచెంగా తీయవలెను. మా మేస్త్రీ ఒక అక్షరానికి ఒక పూట ఇచ్చేవారు.

మూడవది, అచ్చు తీయటము. తడిపిన కాగితాన్ని రాతిపై పరచి, కుంచెతో మెల్లగా తట్టి అక్షరాల లోతుకు దించి, ఆరుతున్నప్పుడు గుడ్డ పొత్తితో సిరా అద్దితే, చెక్కిన భాగం తెల్లగా, మిగిలినది నల్లగా వస్తుంది. శాసన పరిశోధకులు తరతరాలుగా చేసే పని ఇదే. అయితే రాతి చర్మం పొరలుగా లేచి ఉన్నచోట అచ్చు తీయరాదు. ఛాయాచిత్రంతో తృప్తి పడవలెను.

నాల్గవది, ఉప్పు తీయటము. శుభ్రమైన కాగితపు గుజ్జును గాని మెత్తని మట్టిని గాని వాననీటితో కలిపి రాతిపై పట్టువేసి ఆరనివ్వవలెను. ఆరేటప్పుడు ఉప్పు రాతి నుండి పట్టులోకి వస్తుంది. ఒకసారితో పోదు, మరల మరల వేయవలెను. పాత సిమెంటు వదులుగా ఉంటే చిన్న ఉలితో తీయవచ్చును. అది రాతి కంటే గట్టిగా అంటుకొని ఉంటే మాత్రం దానిని అట్లే వదలటం మేలు. సిమెంటు పోవాలని రాతిని పోగొట్టుకొనరాదు.

అయిదవది, అతకటము. మందమైన నల్లరాయి అయితే, అక్షరాలకు దూరంగా, రాతి మందంలో సన్నని రంధ్రాలు తొలిచి త్రుప్పు పట్టని ఉక్కు కడ్డీలు ఉంచి, సంధిని సున్నంతో నింపవచ్చును. పలుచని నాపరాతికి రంధ్రం వేస్తే పొరలుగా చీలుతుంది. దాని ముక్కలను వెనుక మరొక రాతిపలకకు ఆనించి, సున్నపు అంచుతో పట్టి ఉంచటం క్షేమము. అంగడిలో దొరికే జిగురులు గట్టివే. కాని ఒకసారి పట్టితే వదలవు, పొరపాటు దిద్దుకొనే వీలుండదు. వాటి పని శిక్షణ పొందినవారికే వదలవలెను.

సున్నం విషయంలో ఒక హెచ్చరిక. సరస్సు గుల్లలో ఉప్పు ఉంటుంది కనుక కాల్చక ముందు మంచినీట బాగా కడగవలెను. కాల్చిన సున్నాన్ని నీటిలో విరియబెట్టి, గోతిలో కొన్ని వారాలు నాననిచ్చి, ఒక పాలు సున్నానికి రెండున్నర మూడు పాళ్ళు పెన్న ఇసుక కలిపి ఆడించవలెను. సముద్రపు ఇసుక పనికిరాదు. బెల్లపు నీరు, కరక్కాయ నీరు కలపటం మన మేస్త్రీల అలవాటు. అతికిన తరువాత తడి గోనెపట్టలు కప్పి, నీడలో మెల్లగా ఆరనివ్వవలెను. సున్నం గాలిని పీల్చి తిరిగి రాయి అవుతుంది. దానికి నెలలు పడుతుంది, తొందరపడితే పొడి అవుతుంది.

ఆరవది, నిలపటము. పునాదికి కాంక్రీటు వద్దు. ఇసుక, కంకర పరచి, రాతి ఎత్తులో మూడవ వంతు భూమిలో ఉండేటట్లు, పాత చోటనే, పాత దిక్కుకే నిలపవలెను. నీరు నిలువకుండా చుట్టూ వాలు ఉండవలెను.

ఈ పనికి పూనుకొనే ముందు ఖబరస్తాన్ నిర్వాహకుల అంగీకారం, మృతుల సంతతి ఉంటే వారి అంగీకారం తీసుకొనవలెను. ప్రభుత్వం రక్షితమని ప్రకటించిన చోటైతే పురావస్తు శాఖ అనుమతి లేనిదే ఒక్క ముక్కనైనా కదపరాదు.

ఖాళీగా వదలిన చోటు

మేస్త్రీ, నేను, ఆ ఊరి ఇద్దరు యువకులు కలిసి ఆ వర్తకుని రాతిని విడదీసి, పైన చెప్పిన క్రమంలో తిరిగి నిలిపాము. ఒక వేసవిలో మొదలుపెట్టిన పని మరుసటి శీతకాలానికి ముగిసింది. చివరికి ఒక ప్రశ్న మిగిలింది. తేదీ పంక్తిలో పోయిన చోట ఏమి చేయవలెను?

ఊరివారిలో కొందరు ఇష్రీన్ అని చెక్కించమన్నారు. అది అన్నిటికంటే పాత సంవత్సరము. ఖబరస్తాన్‌కు మేలు జరుగుతుందని వారి ఆశ. వారి భయం నాకు తెలియనిది కాదు. ఆ భయానికి కారణం నేనే కూడ. ఒక మాట చెక్కించటం శిల్పికి అరపూట పని. నా పాత తప్పు కూడ ఎవరికీ కనిపించకుండా పోయేది.

కాని అది సాక్ష్యము. సాక్ష్యం అమానతు. తెలిసినదానిని దాచటం ఎట్లా తప్పో, తెలియనిదానిని తెలిసినట్లు చెప్పటం కూడ అట్లే తప్పు. మరమ్మతు ఊహ మొదలయ్యే చోట ఆగిపోవలెనని, క్రొత్తగా చేర్చినది పాతదానితో కలిసి మోసగించకుండా వేరుగా తెలియవలెనని 1964లో వెనిస్ నగరంలో సమావేశమైన నిపుణులు తీర్మానించారు. హదీసు శాస్త్రం చదివిన మనకు ఈ నియమం క్రొత్తది కాదు. ఉల్లేఖకుల పరంపరలో ఒకరి పేరు తెలియకపోతే మన ముహద్దిసులు ఒక పేరు కల్పించి ఖాళీ నింపలేదు. తెలియదని వ్రాశారు. ఆ నిజాయితీ వల్లనే తెలుసునని వారు చెప్పినదానికి విలువ వచ్చింది.

ఆ వృద్ధుడు చాలాసేపు ఆలోచించి, "ఎనిమిదిలో ఏదైనా మా తాతల కాలం కంటే పాతదే గదా. ఉన్నదే ఉండనియ్యండి" అన్నారు. అధికారులకు ఇచ్చిన కాగితంలో కూడ నేను ఎనిమిది సంవత్సరాలూ వ్రాసి, వానిలో ఒకటి అని, వాటిలో అన్నిటికంటే తరువాతిది 1781 అని, ఆ తేదీ తరువాత నిలిపిన రాయి ఇది కాదని వ్రాశాను. నిజం చెప్పినా ఊరికి కావలసిన ఆధారం కొంతైనా దక్కినది. తేదీ చదివి ఉంటే పూర్తిగా దక్కేది.

ఆ చోట ఇప్పుడు సాదా సున్నం ఉన్నది, రెండు వ్రేళ్ళ వెడల్పు, రాతి కంటే కొంచెం తెలుపు. దానిపై అక్షరం లేదు.

పాఠకులకు నా మనవి ఒక్కటే. వచ్చే షబె బరాత్‌కు సున్నం బక్కెట్టు తీసుకొని ఖబరస్తాన్‌కు వెళ్ళే ముందు, మీ ఊరి పాత రాళ్ళను ఒకసారి చూడండి. అక్షరాలున్న రాతికి సున్నం పూయకండి. విరిగినది ఉంటే అతికించటానికి తొందరపడకండి, ముందు ఛాయాచిత్రం తీయండి. చదవగలిగినవారు దొరికేవరకు ముక్కలను అదే చోట, నీడలో, ముఖం పైకి కాకుండా ప్రక్కకు ఆనించి ఉంచండి. రాయి ఎంతకాలమైనా ఆగుతుంది. అల్లాహ్ మనకు ముందు వెళ్ళినవారిని క్షమించుగాక, వారి గుర్తులను అప్పగింతగా పొందిన మనకు ఓర్పును ప్రసాదించుగాక. ఆమీన్.